నర్సమ్మ చెప్పిన కారు సెటప్పు

కారు స్టీరింగు ఒక్కసారైనా పట్టుకోని మనిషి దగ్గర నేను కారు సెటప్పు నేర్చుకున్నాను. ఆ మనిషి నా భార్య. పుట్టింది నందికొట్కూరు, చదివింది నర్సింగు, ఉద్యోగం కువైట్‌లో. నాది కమలాపురం. కడపలో ఒక ట్రావెల్స్ ఓనరు దగ్గర కారు నడుపుతాను. టూరిస్టులను గండికోటకు తీసుకుపోవడం, వాళ్ళు పెన్నా లోయ చూసి ఫోటోలు దిగి వచ్చేదాకా పార్కింగులో కాచుకోవడం, మళ్ళీ తీసుకురావడం, చాలావరకు ఇదే నా పని. గుంతల్లో, ఘాట్ రోడ్లలో, లారీల మధ్య ఇన్నేళ్ళుగా బండి నడుపుతున్న నాకు, ఫోన్లో ఆడే రేసు ఆటలో కారు ఎట్లా పోవాలో ఆవిడ చెప్తుందట. తాతకు దగ్గులు నేర్పినట్టుందని నవ్వాను. మొదటి రేసులో మొదటి మలుపుకే నా కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. ఆమె నవ్వలేదు. ఫోన్లో ఆమె వెనకనుంచి, ఆమె గదిలో ఉండే ఫిలిప్పీన్స్ నర్సు నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అన్నట్టు, ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండింది.

ఆ ఆట మా మధ్యకు ఎట్లా వచ్చిందో చెప్పాలి. పెళ్ళయిన ఏడాదికే ఆమె వెళ్ళింది. కడపలో ఆమె పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి జీతం, నా జీతం కలిపితే ఇల్లు గడిచేది, అంతకు మించి ఏమీ మిగిలేది కాదు. ఎన్నాళ్ళు పరాయి కారు నడుపుతావు, మన కారు మనకుండాలి అని పెళ్ళయిన కొత్తలో ఆమే అంది. కువైట్ పోతానన్నదీ ఆమే. మా కడప జిల్లాలో ఎవరింట్లో చూసినా ఒకరు కువైట్‌లో ఉంటారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. మంచి పని చేశారన్నారు. ఆమె లేని ఇల్లు ఎట్లా ఉంటుందో మాత్రం ఒక్కరూ ముందుగా చెప్పలేదు.

మొదట్లో రోజూ ఫోను. తిన్నావా, తిన్నా. ఏం తిన్నావు, సంగటి. ఎండ ఎట్లుంది, నీకెట్లుందో నాకూ అట్లే. ఈ నాలుగు మాటలు అయిపోగానే ఇద్దరం ఫోను చెవికి ఆనించుకుని ఊరికే కూర్చునేవాళ్ళం. ప్రేమ లేక కాదు. దాన్ని ఏ మాటల్లో పెట్టాలో ఇద్దరికీ తెలియక. మా అమ్మ ముందు నన్ను మీరు అని, ఇద్దరమే ఉన్నప్పుడు నువ్వు అని పిలిచే మనిషి, ఫోన్లో మెల్లగా ఏ పిలుపూ లేకుండానే మాట్లాడసాగింది. నాకు భయమేసింది. అప్పుడే ఆమె ఆ ఫిలిప్పీన్స్ నర్సు దగ్గర ఈ ఆట నేర్చుకుంది. నన్నూ ఫోన్లో వేసుకోమంది, ఎంత దూరంలో ఉన్నా ఇద్దరం ఒకే రేసులో మాట్లాడుకుంటూ ఆడుకోవచ్చంది.

ఆమెకు డ్యూటీ లేని శుక్రవారాలూ నాకు గండికోట ట్రిప్పు పడే శుక్రవారాలూ చాలాసార్లు కలిసేవి. టూరిస్టులు కోటలోకి పోగానే సీటు వెనక్కి వాల్చి, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, నిజం కారులో కూర్చుని ఉత్తుత్తి కారు నడిపేవాణ్ణి. పక్క కార్ల డ్రైవర్లు నిద్రపోయేవాళ్ళు, లేదా పేకాట ఆడేవాళ్ళు. వీడికేమో పిల్లకాయల ఆట అని నన్ను ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ ఆటలో రేసు మొదలయ్యే ముందు కారును మనమే అమర్చుకోవచ్చు. టైర్లలో గాలి ఎంత ఉండాలి, డిక్కీ మీద అడ్డంగా ఉండే వెనక రెక్క ఎంత లేవాలి, బ్రేకు బలం ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత, స్ప్రింగులు మెత్తగానా గట్టిగానా, అన్నీ మన చేతిలోనే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కనిపించిన ప్రతిదాన్నీ కదిపాను. స్పీడు రావాలని రెక్కను పూర్తిగా దించేశాను. కారు నిండా జనాన్ని ఎక్కించుకుని పోయేవాడి అలవాటు కొద్దీ టైర్లలో గాలి నిండుగా కొట్టాను, స్ప్రింగులు బిగించాను. కారు సబ్బు నురగ మీద జారినట్టు జారింది. ఆటలోనే తప్పుందన్నాను. ఫోను పాతదన్నాను. గండికోటలో సిగ్నలు సరిగా లేదన్నాను.

ఆమె అన్నీ ఓపికగా విని, ముందు అంతా మొదటికి తెమ్మంది. ఆట ఇచ్చిన సెటప్పుతోనే కొన్ని రౌండ్లు తిరగమంది, దారి తెలిసేదాకా ఏదీ ముట్టుకోవద్దంది. ఆ తర్వాత కూడా ఒక్కటే మార్చాలట. మార్చి, ఒకటి రెండు రౌండ్లు తిరిగి, ఏమయిందో చూసుకుని, అప్పుడు ఇంకొకటి.

"పేషెంటుకు మందులన్నీ ఒకేసారి మారిస్తే, ఏది పనిచేసిందో ఏది వికటించిందో ఎట్ల తెలుస్తాదప్పా?" అంది.

అన్నీ మొదటికి తెచ్చాను. అప్పటినుంచి వారానికొకటి చెప్పింది. వెనక రెక్క కొంచెం లేపితే నేరుగా పోయేటప్పుడు స్పీడు కాస్త తగ్గినా, మలుపులో వెనక భాగం నేలను పట్టుకుంటుందంది. టైర్లలో గాలి కొద్దిగా తీస్తే పట్టు పెరుగుతుంది, మరీ తీస్తే కారు బద్ధకంగా తిరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు వెనక భాగం తిరిగిపోతుంటే బ్రేకు బలాన్ని కాస్త ముందుకు జరపాలి. మరీ జరిపితే స్టీరింగు ఎంత తిప్పినా కారు తిరగకుండా నేరుగా పోయి గోడకు తగులుకుంటుంది. స్ప్రింగులు మెత్తగా ఉంటే ట్రాకు అంచు మీదికి ఎక్కినా ఎగిరిపడదు. నేర్చుకునేవాళ్ళకు స్పీడుగా పోయే కారు ఎందుకు, ముందు చెప్పిన మాట వినే కారు కావాలని ఆమె సిద్ధాంతం. మొగుడి విషయంలోనూ అంతేనా అని అడిగాను. మొగుణ్ణి సెటప్పు చేయలేము, ఎట్లా వచ్చినవాణ్ణి అట్లా నడుపుకోవాల్సిందే అని నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందో. ఆ నవ్వు కోసం ఎన్ని గోడలైనా గుద్దుకోవచ్చనిపించింది.

నిజంగానే గుద్దుకున్నాను. కొన్ని నెలలకు నా కారు చక్కబడింది. గిర్రున తిరగకుండా, గోడలకు తగలకుండా చివరిదాకా పోయేవాణ్ణి. ఒక శుక్రవారం గెలిచాను కూడా. ఆరోజు మా మాటలు మళ్ళీ తిన్నావా, తిన్నా దగ్గరికి వచ్చి ఆగాయి. కారు బాగుంటే ఇక ఆమె చెప్పేదేముంది? ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. తర్వాతి శుక్రవారం రేసుకు ముందు నా చేతులతో నేనే రెక్కను కిందికి దించాను. కారు మళ్ళీ గిర్రున తిరిగింది. ఏమయింది, ఏం కదిపినావు అంటూ ఆమె గొంతులో మళ్ళీ పాత ఆత్రం. ఏమో, తెలీదన్నాను. ఆరోజు చాలాసేపు మాట్లాడింది. బ్రేకు గురించి మొదలుపెట్టి మాట మాటలోకి పోయి, అక్కడ ఎర్రకారం దోసె పోసుకుంటే మన రుచి రాలేదని చెప్పింది. చర్చిలో తెలుగు పాట పాడుతుంటే మధ్యలోనే లేచి బయటికి వచ్చేశానని చెప్పింది. ఇంతకుముందు ఇవేవీ నాకు చెప్పలేదు. ఇక ప్రతి వారం ఏదో ఒకటి చెడగొట్టడం పనిగా పెట్టుకున్నాను.

ఒకరి సెటప్పు ఒకరు చూసుకునే వీలు ఆ ఆటలో ఉందని నాకు తెలియదు. ఒకరోజు టైరు గాలి గురించి ఏమీ ఎరగనట్టు వినయంగా అడుగుతుంటే ఆమె మధ్యలోనే ఆపింది. తను తీయించిన గాలిని మరుసటి వారానికల్లా నేను మళ్ళీ నింపుకోవడం మొదటినుంచీ చూస్తూనే ఉందట. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మరి ముందే ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే నువ్వు బాగు చేసుకుంటావు గదా," అంది. "అప్పుడు నీతో ఏం మాట్లాడాల నేను?"

పెళ్ళాం నోట అంతకంటే మంచి మాట నేను అంతవరకు వినలేదు. ఇంతలో టూరిస్టులు వచ్చి అద్దం తట్టారు. జమ్మలమడుగు దాటేదాకా ఎవరు ఏమడిగినా ఊఁ అనడమే తప్ప నా చెవికి ఏదీ ఎక్కలేదు.

ఆ ఎండాకాలంలోనే ఆమె కాంట్రాక్టు ముగియవచ్చింది. ఇంకో ఏడాదికి సంతకం పెడితే సొంత కారు కొనడానికి సరిపోతుంది, వచ్చేస్తే ఆ ఆశ వదులుకోవాలి. పెట్టమంటావా అని అడిగింది. నీ ఇష్టమన్నాను. రమ్మంటే ఇన్నాళ్ళ ఆమె కష్టాన్ని నేనే నీళ్ళపాలు చేసినవాణ్ణవుతాను. ఉండమనడానికి నోరు రాదు. మింగలేక కక్కలేక నీ ఇష్టం దగ్గరే నిలబడ్డాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ అదే చెప్పాను. ఇందులో తేల్చుకోవడానికేముందని చదివేవాళ్ళకు అనిపించవచ్చు. ఓనరు ఫోను మోగినప్పుడల్లా సగం తిన్న కంచం ముందునుంచి లేచి పోయేవాడికి సొంత కారంటే ఏమిటో వాళ్ళకేం తెలుస్తుంది? ఆ వారాల్లో నేను రెక్క గురించి అడిగినా ఆమె ముక్తసరిగా జవాబిచ్చేది.

ఒక శుక్రవారం నా కారులో ఒక ముసలి జంట ఎక్కింది. కడప నుంచి కోట దాకా పోట్లాటే. నీళ్ళ సీసా ఎవరు మరిచిపోయారని, ఏసీ పెంచాలా తగ్గించాలా అని. కోట దగ్గర దిగాక ముసలావిడ చెప్పు పట్టీ ఊడింది. ఆయన తిడుతూనే కిందికి వంగి, ఆ పట్టీ సరిచేసి, చేయి పట్టుకుని నడిపించుకుపోయాడు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. తిట్టుకోవడానికైనా నా పక్కన మనిషి లేదే అనిపించింది. అప్పుడే నా భార్య ఫోను చేసింది. ఆటలో ఇద్దరి కార్లూ గీత మీద నిలబడ్డాయి. తెర మీద ఎర్ర దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.

"నాకు కారొద్దు," అన్నాను. "నువ్వు వచ్చేయ్. నువ్వు లేకుండా ఈడ నాకు శానా కష్టంగా ఉండాది."

దీపాలన్నీ ఆరి రేసు మొదలయింది. మిగతా కార్లన్నీ దూసుకుపోయాయి. ఆమె కారు కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆమె ఏడుస్తోందని కాసేపటికి తెలిసింది. నిన్ననే సంతకం పెట్టేశానంది. నెలాఖరు దాకా నా మాట కోసం ఆగుదామనుకుందట, ఆసుపత్రివాళ్ళు తొందరపెట్టారట. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక స్టీరింగు మీద గుద్దాను. హారను మోగింది. నిద్రపోతున్న డ్రైవర్లంతా ఉలిక్కిపడి లేచి నన్ను తిట్టారు.

"రమ్మని అడిగినావు గదా, చాల్లే," అంది ఆమె చివరికి. "నీ ఇష్టం నీ ఇష్టం అంటాంటే, నేను లేకపోయినా నీకు బాగానే ఉండాదేమో అనుకున్నా. ఈ మాట పట్టుకోని ఏడాది ఉంటా."

ఆ ఏడాది ఇంకా నడుస్తోంది. శుక్రవారం ఆట మానలేదు. సెటప్పు మాత్రం ఇప్పుడు చెడగొట్టడం లేదు, ఆ అవసరం లేదు. రేసుకు ముందు, ఎప్పుడు వస్తావని అడుగుతాను. వస్తాండా ఉండు అంటుంది, పక్క వీధిలో ఉన్న మనిషి అన్నట్టు. అబద్ధమని తెలిసినా, ప్రతిసారీ నా కళ్ళు పక్క సీటు మీదికే పోతాయి.