నరసరావుపేటలో ఆరుబయటి పాఠం

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను బెల్లంకొండ దగ్గర ఒక చిన్న పల్లెలో పంతులమ్మగా ఉండేదాన్ని. మాది క్రైస్తవ కుటుంబం, నేను చెప్పే బడి మిషన్ వాళ్లది. ఒకే గది. దాని వెనక వసారాలో నా కాపురం. కాపురమంటే నేనొక్కదాన్నే. అమ్మ పోయాక గురజాలలో నాకంటూ ఇల్లు మిగల్లేదు. సాయంత్రం పిల్లలు వెళ్లిపోతే మళ్లీ పొద్దున వాళ్లు వచ్చేదాకా నాతో మాట్లాడే మనిషి లేదు. ఒక్కోసారి నా గొంతు నేనే విందామని ఎక్కాలు పైకి చదువుకునేదాన్ని.

అందుకే, పిల్లలకు చెట్ల మధ్య, ఆరుబయట పాఠాలు ఎలా చెప్పాలో నేర్పడానికి నరసరావుపేటలో ఉపాధ్యాయుల సభ పెడుతున్నారని తెలిసినప్పుడు, పాఠాల కంటే మనుషుల కోసం ఎక్కువ ఆశపడ్డాను. బొగ్గుతో నడిచే బస్సెక్కాను. మిట్ట వచ్చినప్పుడల్లా దిగి తోశాం.

హైస్కూలు హాలు నిండా మగవాళ్లే. ఆడవాళ్లం ఇద్దరమే. రెండో ఆవిడ పెద్దది, చిలకలూరిపేటలో ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏ బడి మీది?" అని అడిగింది.

"మిషన్ బడండీ."

"ఓహో," అని చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని వేదిక వైపు తిరిగింది.

మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చాలా బాగా మాట్లాడాడు. పలక మీద ఆకు బొమ్మ గీయించే ముందు పిల్లవాడి చేతిలో ఆకు పెట్టమన్నాడు. మధ్యాహ్నం అందర్నీ ఊరి బయట తోటలోకి తీసుకెళ్లారు. ఇద్దరిద్దరు జతకట్టాలి. ఒకరి కళ్లకు గంతలు కడితే, రెండోవాళ్లు చెయ్యి పట్టుకుని ఒక చెట్టు దగ్గరికి నడిపించాలి. చెట్టును తడిమి చూసి వెనక్కి వచ్చి, గంతలు విప్పాక అది ఏ చెట్టో కనిపెట్టాలి.

నేను హెడ్మిస్ట్రెస్‌గారి వైపు చూశాను. ఆవిడ నాతో కాదు, ఆ పెద్దాయనతో చెప్పింది: "తర్వాత స్నానం చెయ్యాల్సొస్తుందండీ. నేను కూర్చుని చూస్తాను."

ఆయన కాస్త ఇబ్బందిపడి, "అయితే నువ్వు కూడా చూస్తూ ఉండమ్మా," అన్నాడు నాతో.

పంచెలు ఎగ్గట్టిన పంతుళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చిన్నపిల్లల్లా చెట్లకు గుద్దుకుంటున్నారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వి పక్కకు తిరిగితే ఎవరూ లేరు. అమ్మ పోయిన తర్వాత నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదని అప్పుడు తట్టింది. తోట చివరికి వెళ్లి, కళ్లు మూసుకుని, ఒక వేపచెట్టు మొదలును రెండు చేతులా పట్టుకున్నాను. బెరడు వెచ్చగా ఉంది. చీమలు చేతుల మీదికి పాకాయి. దులుపుకోబుద్ధి కాలేదు.

మర్నాడు బస్సెక్కబోతూ ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "ఏమనుకోకు అమ్మాయ్," అంది. తలూపాను. దారి పొడుగునా మాత్రం అనుకుంటూనే ఉన్నాను.

పల్లెకు వచ్చాక పిల్లల్ని వాగు ఒడ్డుకు తీసుకెళ్లి అదే ఆట ఆడించాను. జత దొరక్క ఒక పిల్ల దిక్కులు చూస్తుంటే నేనే చెయ్యి అందించాను. పత్తి ఏరి ఏరి ఆ చిన్న చెయ్యి గరుకుదేలి ఉంది.

"నీ చెయ్యి ఇంత చల్లగా ఉందేంది పంతులమ్మా?" అంది.

ఆ వారంలోనే ఆ పిల్ల తల్లి వచ్చి బడి ముందు నిలబడింది. "ఏందమ్మా ఇది? ఎండనపడి చేలెంబడి తిరిగే బతుకు మాకు ఉండనే ఉంది. నీడన కూర్చుని నాలుగక్షరాలు నేర్చుకుంటారని పంపితే, నువ్వూ బయటికే తోల్తన్నావా?"

ఆమె మాటలో తప్పేమీ కనిపించలేదు నాకు. "అక్షరాలు ముందు అక్కా. ఎండ తగ్గాక కాసేపే బయటికి," అన్నాను.

"అట్టయితే సరే," అని వెళ్లబోయి ఆగింది. "ఒక్కదానివే వండుకు తింటావంటగా? ఆదివారం మా ఇంటికి రా. జొన్నరొట్టె తిందువుగాని."

వెళ్లాను. ఆ ఊళ్లో ఇంకొకరి ఇంట్లో తినడం అదే మొదలు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు, నాకూ మాటలు అలవాటు తప్పాయి. రొట్టె మీద ఉల్లికారం వేసి, తినే దాకా ఎదురుగా కూర్చుంది.

మాచర్ల బడికి మార్చేదాకా అక్కడే ఉన్నాను. సాయంత్రపు ఆరుబయటి పాఠం మానలేదు. ఒంటరితనం పోయిందని చెప్పను. తక్కిన రోజుల్లో సాయంత్రాలు ఎప్పటిలాగే ఉండేవి. ఆ ఇంట్లో రొట్టె తినే ఆదివారాలు మాత్రం కాస్త తొందరగా గడిచేవి.