మచ్చుకి కొట్టిన కాయలు

ఒక ఇంజనీరింగు సీటు, దానికోసం మా మేనకోడలు చదివిన రెండేళ్ళ చదువు, నేను వేగం లెక్కలు రాసుకున్న నోటుపుస్తకం, మా చెల్లెలి దగ్గర నా మాటకున్న విలువ. పోయినవి ఇవీ. మొన్న ఇంటికి కొత్త ఫైబర్ లైను బిగించడానికి వచ్చినతను ఇచ్చిన కాగితంలో ‘అన్‌లిమిటెడ్’ అన్న మాట పక్కన చిన్న నక్షత్రం గుర్తు కనపడగానే, అతను కాఫీ తాగేలోపు ఈ లెక్కంతా మళ్ళీ ఒకసారి వేసుకున్నాను.

రామచంద్రపురంలో నాది కొబ్బరికాయల వ్యాపారం. పదో తరగతితో బడి మానేసినా లెక్కలు మాత్రం నన్ను మానలేదు. రెండు వేల దశకం చివర్లో, మా వీధిలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్తలో, ఐదు వందల పన్నెండు కిలోబిట్ల స్పీడు, ఎంతైనా వాడుకోండి అంటే నమ్మి పెట్టించుకున్నాను. కొత్త మోజుకొద్దీ సినిమాలు దింపుకున్న మొదటి నెల సగం దాటగానే అది నత్తనడక పట్టింది. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి “మాకు లైన్ ఓకే అనే చూపిస్తోందండి, స్లో అని మీరెలా చెప్తున్నారండీ?” అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కిలోబిట్లని ఎనిమిదితో భాగిస్తే కిలోబైట్లు వస్తాయని నా అంతట నేనే తెలుసుకుని, మరుసటి నెల మొదటి తేదీ నుంచి ఇరవై ఎంబీల ఫైలు ఒకటి రోజూ దింపుతూ, చేతి గడియారం చూసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాల ఇరవై సెకన్లలో దిగితే వాళ్ళు చెప్పిన స్పీడు ఉన్నట్టు. కాయల్ని నాలుగేసి చొప్పున పుంజీలుగా లెక్కపెట్టే అలవాటు వల్ల కాబోలు, కొలతలూ రోజుకి నాలుగు తీసేవాణ్ణి.

ఆ నెలలోనే మా చెల్లెలి కూతురికి ఇంజనీరింగు వెబ్ కౌన్సెలింగు వచ్చింది. కావలసిన కాలేజీలను వరసగా కంప్యూటర్లో పెట్టుకోవాలి. పెట్టిన వాటిలోనే సీటు. బజార్లో నెట్ సెంటరుకి వెళదామని చెల్లెలు రెండు రోజుల ముందే అంది. స్పీడు తగ్గిన కొలత ఒక్కటీ లేని నా పుస్తకం చూపించి, ఇంట్లో ఇంత మంచి లైను ఉండగా అక్కడ తోపులాట ఎందుకన్నాను. “అన్నయ్య పుస్తకం చూస్తుంటే కాలేజీ కూడా ఈయనే కట్టించేలా ఉన్నాడు” అని నవ్వి ఊరుకుంది. నేనేమో కిందటేడు ఏ కాలేజీ ఏ ర్యాంకుతో ఆగిందో చూసి నలభై రెండు కాలేజీల వరస తేల్చేసరికి ఆఖరి రోజు వచ్చేసింది. అది నెలలో ఇరవై ఐదో రోజు. గడువు సాయంత్రం ఆరింటికి.

మూడున్నరకి కూర్చున్నాం. పదిహేడు పెట్టి సేవ్ చేశాక తెర మీద చక్రం తిరగడం మొదలైంది, తిరిగి తిరిగి పేజీ తెల్లబోయింది; మళ్ళీ లోపలికి వెళితే మళ్ళీ అదే. “మావయ్యా, ఇంకా తిరుగుతూనే ఉందండి” అని అది అంటుంటే నేను ఫోన్ పట్టుకున్నాను. “మూడు జీబీ దాటితే స్పీడు అరవై నాలుగేనండి, కాగితంలో స్టార్ పెట్టి కింద రాశాం కదండీ” అంది అదే గొంతు. స్కూటరు మీద నెట్ సెంటరుకి పరిగెత్తితే మెట్ల దాకా జనం. మా వంతు వచ్చేసరికి ఆరు దాటింది.

పెట్టిన పదిహేడులో ఏదీ రాలేదు. మా వరసలో ఇరవై మూడో కాలేజీలో దానికంటే వెనక ర్యాంకు వాళ్ళకి సీట్లొచ్చాయి. రెండో విడతకి అక్కడ ఏమీ మిగల్లేదు. అది ఊళ్ళోనే బీఎస్సీలో చేరింది, ఇప్పుడు ఒక స్కూల్లో లెక్కలు చెబుతోంది. “కాయలు లెక్కెట్టుకోక నీకెందుకన్నయ్యా ఈ కంప్యూటర్లు?” అని చెల్లెలు అన్న మాట నిజానికి తక్కువే.

ఎందుకంటే ఆమెకి తెలియని లెక్క ఒకటుంది. గడువు పోయిన ఆ రాత్రి నా పుస్తకం ముందేసుకుని కూడి చూశాను. ఇరవై నాలుగు రోజులకి తొంభై ఆరు కొలతలు, ఆ రోజువి రెండు, ఒక్కోటి ఇరవై చొప్పున పంతొమ్మిది వందల అరవై ఎంబీలు. వాళ్ళిచ్చిన మూడు జీబీలో దాదాపు మూడింట రెండు వంతులు నా కొలతలే తినేశాయి. మచ్చుకి కొట్టిన కాయ మళ్ళీ రాశిలో కలవదని కొట్టులో పనివాళ్ళకి చెప్పే నేను, రాశి మొత్తం మచ్చుకే కొట్టేశాను. హద్దుని ఆవగింజంత అక్షరాల్లో దాచి హద్దు లేదని అమ్మినవాళ్ళని ఈనాటికీ క్షమించలేదు. వాళ్ళని చెల్లెలు తిట్టినప్పుడల్లా నేనూ గొంతు కలిపాను గాని, నోటుపుస్తకాన్ని మాత్రం పొయ్యిలో పెట్టేశాను.

కొత్త లైను వంద మెగాబిట్ల స్పీడట. అతను వెళ్ళాక ఇరవై ఎంబీల ఫైలు దింపి చూశాను. గడియారం వైపు తల తిప్పేలోపు దిగిపోయింది. ఇప్పుడైతే నలభై రెండూ పెట్టడానికి ఒక పూట అక్కర్లేదు. పెట్టవలసినవాళ్ళకి మాత్రం వయసు దాటిపోయింది. మేనకోడలు ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నలభై రెండులో పదిహేడు పోగా, దానికి నేనింకా బాకీ ఇరవై ఐదు.