విధి వేషం కట్టిన ఆదెయ్య

మార్కాపురం దగ్గర పలకల క్వారీలో రాయి కొట్టే ఆదెయ్యకు నాటకంలో ఏళ్ల తరబడి ఒకటే వేషం, విధి. తాతల నాటి నాటకం అది. రాజు కొడుకు చచ్చిపోయే ఘట్టానికి ముందు, ఆ ఏడు నాటకం ఆడించే ఆసామి స్టేజీ ఎక్కి, విధికి కొబ్బరికాయ కొట్టి, "ఈ రాత ఎవరిది సామీ?" అని అడగాలి. "నాది" అని విధి ఒప్పుకోవాలి. రంగు కడుక్కునేదాకా ఆ వేషగాడు దేవుడే. ఎవరూ ఎదురు మాట్లాడకూడదు.

ఈ ఏడు ఆడించేది క్వారీ యజమాని నిత్యానందం. నెల కిందట క్వారీలో గోడ విరిగిపడి ఆదెయ్య బావ వీరాంజనేయులు పోయాడు. ఆయన ఆత్మశాంతి కోసమట! ఆదెయ్యకు ఒళ్లు మండిపోయింది. గోడ నెర్రె విచ్చిందని ఆ పొద్దున బావ మొత్తుకుంటుంటే పక్కన తనూ ఉన్నాడు. "లారీ నిండినాక చూద్దాం, దిగండి" అన్నది ఈ పెద్దమనిషే. దినాల నాడు వచ్చి, "మనమేం చేస్తాం తల్లీ, తలరాత" అని ఆదెయ్య అక్క సుబ్బులు ముందు కళ్లు తుడుచుకున్నాడు. ఊరంతా తలూపింది. ఊపక ఏం చేస్తుంది? అందరి పొయ్యీ ఆ క్వారీ మీదే వెలగాలి.

"ఈసారి వేషం కట్టనక్కా. ఆ మాట నా నోటితో అనలేను" అన్నాడు ఆదెయ్య.

సుబ్బులు కస్సుమంది. "నువ్వు కట్టకపోతే ఇంకొకడు కట్టి అంటాడు. మీ బావ సావు దేవుడి మీదికి పోతాది, వాడు చేతులు దులుపుకుంటాడు. పోయి కట్టు!"

పొద్దు గుంకగానే నాటకం మొదలైంది. నిత్యానందం పట్టుపంచెతో స్టేజీ ఎక్కి కాయ కొట్టాడు. మైకు దగ్గరికి లాక్కుని, గొంతులో లేని దుఃఖం పలికించాడు.

"ఈ రాత ఎవరిది సామీ?"

"నీది" అన్నాడు ఆదెయ్య.

హార్మోనియం ఆగిపోయింది.

"గోడ పగిలిందంటే దిగమన్నది నువ్వు. నేను రాయలే!"

"ఏం కూస్తాండావురా?" నిత్యానందం అరుపు మైకులో ఊరంతా మోగింది.

"సామిని పట్టుకొని 'రా' అంటావేంది?" ముందు వరసలో ఒక ముసలాయన లేచాడు. ఆయన వెనక ఇంకొకరు లేచారు, ఆ వెనక ఇంకా కొందరు. అందరూ క్వారీలో దిగేవాళ్లే. నిత్యానందం మెట్ల వైపు చూశాడు. అక్కడా వాళ్లే నిలబడి ఉన్నారు.

ఆడవాళ్ల మధ్యలోంచి సుబ్బులు లేచింది.

"సామీ, నాకు సరిగ్గా వినపడలే. ఈ రాత ఎవరిదో ఆయన్ను ఇంకోసారి అడగమను."