గొంతు పగలాలన్న మాట

మొన్న నల్లగొండలో మా ఇంటి దగ్గరి సంగీత కళాశాలలో గొంతు ఆరోగ్యం మీద పాఠం ఉందంటే నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. బొంగురుపోతే పాడొద్దని, నీళ్లు బాగా తాగాలని, రెండు మూడు వారాలకూ తగ్గకపోతే దవాఖానకు రావాలని డాక్టరమ్మ పిల్లలకు విడమరిచి చెప్పింది. తర్వాత మైకు అందుకున్న పెద్దసారు, ఈ కాలం పిల్లల నిర్లక్ష్యం వల్లే గొంతులు పాడవుతున్నాయని సెలవిచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా తమ్ముడి బిడ్డకు పాట నేర్పింది ఈయనే.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ పిల్ల చిట్యాల నుంచి వచ్చి, మా ఇంట్లో ఉండి ఇక్కడ చదివింది. మా తమ్ముడు కూలికి పోయే మనిషి, బిడ్డ సంగీతం టీచరవుతుందని ఊరంతా చెప్పుకున్నాడు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మైకు అక్కరలేకపోయేది.

ఆ రోజుల్లో కళాశాలలో ఒక మాట నడిచేది. గొంతు పండాలంటే ముందు పగలాలట. ఎవరి గొంతయినా బొంగురుపోతే వాళ్లకు పాట వచ్చేసినట్టే లెక్క, మిగతా పిల్లలు ఈర్ష్యపడేవారు కూడా, మా పిల్ల అయితే తన గొంతు ఎప్పుడు పగులుతుందా అని ఎదురుచూసింది. పగిలింది. నాలుగు రోజులు సంబరపడి, తర్వాత నా దగ్గరకొచ్చి, “అత్తమ్మా, పాట పైకి పోతుంటే గొంతుల సూది గుచ్చినట్టయితాంది” అంది.

నేను సారు దగ్గరికి పోయి చెప్పాను. “పగిలితెనే పండుతదమ్మా, ఇంకింత గట్టిగ పాడమను” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఎగతాళి కూడా చేశాడు. వానాకాలం మృదంగానికి చెమ్మ తగలకుండా గుడ్డ చుట్టేవారు, తంబుర తీగ కాస్త వదులైతే పాఠం ఆపి బిగించేవారు, మరి పిల్లల మెడలో ఉన్న వాద్యం గురించి ఒక్కరంటే ఒక్కరు ఒక ముక్క చెప్పిన పాపాన పోలేదు. రాగలక్షణాలు మాత్రం బట్టీ పట్టించారు.

పరీక్షలో పైస్థాయికి వెళ్లినప్పుడు ఆ పిల్ల గొంతు తెగిపోయింది. లోపల రక్తం చిమ్మిందని, నెలలు గడిచాక అక్కడ మచ్చ పడిందని దవాఖానలో చెప్పారు. మాట తిరిగి వచ్చింది గానీ పాట రాలేదు. ఇప్పుడు మేళ్లచెరువులో కాపురముంటూ బట్టల కొట్టులో పనిచేస్తోంది.

అందుకే మొన్న లేచి నిలబడి, గొంతు పగలాలన్నది ఎవరు సారూ అని అడిగాను. ఆయన నన్ను తేరిపార చూసి, గుర్తులేదమ్మా అన్నాడు. నాటకం కాదు, నిజంగానే గుర్తులేదు. నాకు అంతకంటే కోపం ఇంకెప్పుడూ రాలేదు.

కాలం మారింది, మంచిదే. ఇప్పటి పిల్లలకు గంటసేపు కూర్చోబెట్టి చెబుతున్నారు, ఆ గంట మా పిల్లకు దొరికి ఉంటే బాగుండేది. ఆమెకు ఇప్పుడు చంటిబిడ్డ. వాడిని ఒళ్లో వేసుకుని, ఫోనులో ఎవరిదో జోలపాట పెట్టి, పెదవి కదపకుండా జోకొడుతుంది.