ముఖద్వారంతో మా అమ్మమ్మ గొడవ

మా అమ్మమ్మ ఎదురొస్తే క్యాన్సర్ కూడా చెప్పులు చేత్తో పట్టుకుని పక్క సందులోకి దూరిపోతుంది. ఇందులో ఆవగింజంత అబద్ధం లేదు. గుమ్మడికాయంత ఉంటే ఉండొచ్చు.

గర్భసంచికి వచ్చే క్యాన్సర్ మీద పెద్దాసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను బతిమాలి పరీక్షకు తీసుకురావడం అమ్మమ్మ ఉద్యోగం. డాక్టర్లు కాగితాల మీద అచ్చేయించిన మాటే చెప్పాలని షరతు: 'గర్భాశయ ముఖద్వార పరీక్ష'. ఆ మాట పుణ్యమా అని ఒకావిడ మొహానికి పౌడరు దట్టంగా పూసుకొచ్చి, "ఫోటో ఎక్కడ తీస్తారు?" అని అడిగింది.

అంతవరకూ నవ్వులాటే. ఆ తర్వాత మూలమీది కొట్లో బట్టలు కుట్టే టైలరక్కకు పరీక్షలో కణాలు మారుతున్నట్టు తేలింది. ఇప్పుడే వస్తే చిన్న చికిత్సతో పోతుంది. ఊరుకుంటే క్యాన్సర్‌గా ముదరొచ్చు. అమ్మమ్మ బస్సులోంచే ఫోన్ చేసింది. చుట్టూ మగవాళ్ళు. గొంతు తగ్గించి, "నీ ముఖద్వారంలో ఏదో తేడా ఉందంటనే, మళ్ళీ రావాలి" అంది.

"నా మొహంలో తేడానా? నీ మొహం ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా పిన్నీ?"

టైలరక్క ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఎత్తితే ఒట్టు. కొట్టుకు వెళ్తే అక్కడెప్పుడూ ప్యాంట్లకు కొలతలిచ్చే మగవాళ్ళే. ఆవిడ మూతి తిప్పుకునేది, ఈవిడ మాట మింగేసి ఇంటికొచ్చేది. ఆ కోపమంతా మా గిన్నెల మీద.

"ఆ డాక్టర్లకు మనుషులు మాట్లాడే మాట ఒక్కటీ దొరకలేదంట! మార్చండయ్యా అంటే ఇదే శాస్త్రీయం అంటారు. శాస్త్రీయంగా చస్తుందేమో ఆ పిచ్చిది!"

చివరికి ఓ రోజు నన్ను వెంటేసుకెళ్ళి, కొట్టు ముందు నడివీధిలో నిలబడి కేక పెట్టింది.

"ఒసేయ్! తేడా నీ మొహంలో కాదు, గర్భసంచి మూతి దగ్గర! ముదిరితే క్యాన్సర్! ఇప్పుడొస్తే పోతుంది!"

లోపల కొలతలిస్తున్న ఆయన ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాడు. టైలరక్క మెడలో టేపైనా తీయకుండా మా వెంట వచ్చింది.

"ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా పిన్నీ" అని దారి పొడుగునా ఏడ్చింది.

చికిత్స అయింది, గండం గడిచింది. ఇక మాట మారుతుందని అమ్మమ్మ ఆశపడింది. ఆసుపత్రి నుంచి కొత్త కాగితాల కట్ట వచ్చింది. వాటి మీదా మళ్ళీ 'ముఖద్వార'మే. వాటితోనే విసురుకుంటూ కూర్చున్న ఆవిడకు నేను రాసిన ఈ కథ చదివి వినిపించాను.

"నువ్వన్నా గర్భసంచి మూతి అని రాయవే" అంది.

"మూతి మాత్రం మొహంలో ఉండదా అమ్మమ్మా?"

"ముందు నీ మూతి మూసుకో."