ఉగాది నాడు నేను క్షమించిన మనిషి

బరువులు మోయడం నాకు కొత్త కాదు. వయసులో ఉన్నప్పుడు గుడ్డల బేలును ఒంటి భుజానికెత్తుకుని కొట్టు మేడ మెట్లు ఎక్కేవాణ్ణి, మధ్యలో ఆగేవాణ్ణి కాదు. కానీ ఒక్క బరువుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన తర్వాతి ఉగాది నాడు ఎత్తుకున్నది. దాన్ని ఇప్పటిదాకా ఎక్కడా దించలేదు. మా ఆవిడ దగ్గర దించలేదు, పిల్లల దగ్గర దించలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. పేరు పెట్టి చెప్పుకునే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనేముంది?

ముందే ఒక సంగతి. ఇది చదివి నన్ను కుంగిపోయిన ముసలివాడనుకోవద్దు. నాకు గర్వం ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని పక్కన పెట్టి చెబితే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది.

ఏలూరు బజారులో ఒక పెద్ద బట్టల కొట్టుకి నేను పెద్ద గుమస్తాని. గుడ్డ చింపడంలో నన్ను మించినవాడు ఆ వీధిలో లేడు. అంచు మీద కత్తెరతో చిన్న గాటు, రెండు చేతులతో ఒక్క లాగు. చర్రుమని ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేది. ఒక్క పోగు పక్కకి జరిగేది కాదు. కైకలూరు వైపు నుంచి, కొల్లేటి లంకల నుంచి పెళ్ళిబట్టలకి వచ్చేవాళ్ళు నేను భోజనానికి వెళితే, వచ్చేదాకా అరుగు మీద కూర్చునేవారు. ఇది గొప్ప చెప్పుకోవడమే. చెప్పుకోనివ్వండి.

ఆ రోజుల్లో ఉగాదికి కొట్లు మూసేవారు కాదు. పైగా పొద్దున్నే తెరిచేవారు. సంవత్సరానికి మొదటి రోజు బోణీ కాకపోతే ఏడాదంతా బేరాలుండవని షావుకార్ల నమ్మకం. మేము చీకటితోనే తలంటు పోసుకుని పరుగెత్తేవాళ్ళం. మా పిల్లలు మేము లేకుండా పచ్చడి తినేవారు. నా కూతురు నాలుగేళ్ళప్పుడు ఒకసారి, "నాన్నకి పండగ ఉండదా అమ్మా?" అని అడిగిందట. మా ఆవిడ ఆ మాట నాకు నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

గుమస్తాలందర్నీ కూడగట్టింది నేనే. షావుకార్ల ఎదుట నిలబడి మాట్లాడిందీ నేనే. "మొదటి రోజు ఏం చేస్తే ఏడాదంతా అదే జరుగుతుందని మీరే అంటారు కదండీ. మరి మా పిల్లలు ఆ రోజు తండ్రి లేకుండా కూర్చుంటున్నారు. ఏడాదంతా అలాగే ఉండమంటారా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో తియ్యగా ఉంటుంది.

మా వీధిలో ఒక్కడే అడ్డం చెప్పాడు. సుబ్బారాయుడు. మా కొట్టు గోడకి ఆనుకుని అతనిదొక చిన్న కొట్టు. గుమస్తాలు లేరు. అతనూ, భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ, అంతే. కొట్టు వెనక గదిలోనే కాపురం. చిన్నప్పుడు ఉంగుటూరులో చెరుకు గానుగలో పడి కుడి బొటనవేలు నలిగిపోయింది. గుడ్డ పట్టుకుని లాగలేడు. ఎంత పొడుగు ముక్కైనా ఎడంచేత్తో కత్తెర పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కత్తిరించాల్సిందే. అంచు వంకరటింకరగా వచ్చేది. మేం నవ్వుకునేవాళ్ళం. నేను కొంచెం ఎక్కువే నవ్వేవాణ్ణి.

"మాకు కొట్టే ఇల్లండీ. తలుపులేసేస్తే పండక్కి మేం ఎక్కడ కూర్చోవాలండీ?" అన్నాడు అతను ఆ సమావేశంలో. అందరూ గొల్లుమన్నారు. అతనూ నవ్వేసి, సరే, నలుగురితో పాటు నేనూ మూస్తానని మాటిచ్చాడు.

షావుకార్లు ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు. గుమస్తాల్లో ఏ ఒక్కడు దొంగచాటుగా ఒక్క గజం అమ్మినా, మళ్ళీ ఏడాది నుంచి సెలవన్న మాట ఎత్తకూడదు. నేనందరి తరఫునా చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాను.

ఉగాది వచ్చింది. తెల్లారి కొట్టుకి తోరణం కట్టి, లోపల దీపం పెట్టి వెళ్ళడం వరకు ఒప్పందంలో ఉంది. తాళాలు నా దగ్గరే ఉండేవి. ముందు తలుపుకి మామిడాకులు కట్టి, పక్క సందులోంచి వెనక తలుపు తీసి దీపం పెట్టాను. ఆ సందులోకి రెండే తలుపులున్నాయి. ఒకటి మాది, ఒకటి సుబ్బారాయుడిది. బయటికొచ్చి, సందు మొదట నిలబడి ఒక్క నిమిషం బజారు కేసి చూశాను. ఆ చివరి నుంచి ఈ చివరికి అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. నేను మూయించిన తలుపులవి. ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి.

తిరిగొచ్చి వెనక తలుపుకి తాళం వేస్తుండగా సందులోకి ఇద్దరు వచ్చారు. ముసలాయన, ఆయన భార్య. మోకాళ్ళదాకా ఎండిన బురద. కొల్లేటి లంక నుంచి వచ్చారు. మర్నాడు తెల్లవారుజామున వాళ్ళ చిన్నవాడి పెళ్ళి. ఎండలకి నీరు తగ్గి పడవ బురదలో దిగబడితే దిగి నెట్టారట. నెట్టడంలో మూట జారి బురదలో పడింది. అందులో మధుపర్కాల గుడ్డ ఉంది. తాళి కట్టే వేళ కట్టుకునే బట్ట అది. ఉతికింది పనికిరాదు.

నేను కుదరదన్నాను. నెమ్మదిగానే అన్నాను. ఇవాళ ఈ ఊళ్ళో ఎవరూ అమ్మరు, వద్దని పట్టుబట్టినవాణ్ణి నేనే అని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండలేకపోయాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ముసలాయన బతిమాలలేదు. చేతులు జోడించి వెనక్కి తిరుగుతూ ఒక్క మాటన్నాడు.

"పోనీలెండి బాబూ. మా పెద్దోడి పెళ్ళికి మీ చేత్తోనే చింపిచ్చేరండి. ఒక్క పోగు జారలేదండి. మళ్ళీ ఆ చేతి గుడ్డే కావాలని ఇంత దూరం వచ్చేమండి."

తాళం చెవి నా చేతిలోనే ఉంది.

జాలిపడి తీశానా? ఇన్నేళ్ళూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. పెళ్ళివాళ్ళు కదా, బురదలో వచ్చారు కదా అని. కానీ బురద మొదటే కనపడింది, మొదట తియ్యలేదే? ఆవిడ కళ్ళ నీళ్ళకీ తియ్యలేదే? నా చేతిని మెచ్చుకున్నాకనే కదా తలుపు తీశాను? మీకు తెలిసినట్టే నాకూ తెలుసు. తెల్ల తాను దించాను. గజం బద్దతో కొలిచాను, గాటు పెట్టాను, లాగాను. ఊరంతా మూసి ఉన్న ఆ పొద్దున చర్రుమన్న చప్పుడు ఎంత పెద్దగా వినపడిందో! నేనే ఉలిక్కిపడ్డాను. అంచు మాత్రం గీత గీసినట్టు వచ్చింది. ముసలాయన దాన్ని కళ్ళకద్దుకున్నాడు. నేనూ మురిసిపోయాను. వాళ్ళిచ్చిన డబ్బు మర్నాడు కొట్టు గల్లాలోనే వేశాను. దొంగనైతే కాదు.

ఇంటికెళ్ళి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పచ్చడి తిన్నాను. నా జీవితంలో అంత మంచి ఉగాది లేదు. మా ఆవిడ నా భుజం మీద తెల్ల దారప్పోగు ఒకటి తీసి, నా మొహం చూసి, పారేసింది.

మర్నాడు సాయంత్రం కబురొచ్చింది. ఎదుటి కొట్టు షావుకారు తన మేడ మీది నుంచి, మా సందులోంచి ఇద్దరు కాగితం పొట్లంతో బయటికి రావడం చూశాడట. అందరూ మా కొట్టు మేడ మీద చేరారు. షావుకార్లూ, గుమస్తాలూ. పెద్దమనిషిగా నన్నే కూర్చోబెట్టారు. సందులో రెండు తలుపులు. ఒకటి నాది. ఒకటి సెలవొద్దన్న మనిషిది. ఇక ఎవరు మాత్రం ఆలోచిస్తారు? నన్ను అనుమానించాలని ఒక్కడికీ తట్టలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణంలో కూడా అది నాకు గర్వంగానే అనిపించింది.

"నేను అమ్మలేదండీ" అన్నాడు సుబ్బారాయుడు. అని నా కేసి చూశాడు. కోపంగా కాదు. వంట అయిందా అని వంటింటి కేసి చూసినట్టు, ఊరికే, కనిపెట్టుకుని చూశాడు.

నేను నోరు తెరిచి ఉంటే? మళ్ళీ ఏడాది నుంచి సెలవు పోయేది. అంతమంది గుమస్తాల ఇళ్ళల్లో మళ్ళీ తండ్రి లేని పండగ. నా పరువూ పోయేది. ఏది ముందు తోచిందో నన్నడగకండి. అడిగినా ఏదో మంచి జవాబే చెప్పేస్తాను, నాకది అలవాటే.

నేను లేచి నిలబడి ఇలా అన్నాను: "పోనివ్వండి. ఆయన గుమస్తా కాదు కాబట్టి మన షరతు తప్పలేదు. మొదటి తప్పు. సుబ్బారాయుడు గారిని అందరం క్షమించేద్దాం."

పెద్ద మనసన్నారు. ఒక షావుకారు నా భుజం తట్టాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తప్పు చేసింది నేను. క్షమించింది ఎవర్ని? ఆలోచించండి. నింద వేసి ఊరుకున్నా అతను కాదని వాదించుకునేవాడు. క్షమించేసరికి ఆ దారి కూడా మూసుకుపోయింది. క్షమించాక ఇంకా కాదంటే మొండివాడంటారు.

మెట్లు దిగి సందులోకి వచ్చేసరికి అతను నా కోసం నిలబడి ఉన్నాడు.

"చింపిన చప్పుడు విన్నానండీ" అన్నాడు. "గోడకి ఇవతల మా ఆవిడ పచ్చడి కలుపుతోందండీ. తనూ వింది. నాకు చింపడం రాదని మీకు తెలుసు కదండీ."

"మరి అక్కడెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరు చెబుతారేమోనని చూశానండీ."

అప్పుడైనా సమయం ఉంది. వాళ్ళింకా మెట్ల మీదే ఉన్నారు. నేనేమన్నానో తెలుసా? "క్షమించమని చెప్పాను కదా. ఇంకేం కావాలి?" అన్నాను.

అతను నలిగిన వేలిని రెండో చేత్తో నిమురుకున్నాడు.

"మరేనండీ. క్షమించేరు కదండీ. పోనీలెండి, మీ సెలవు నిలబడింది."

ఎత్తిపొడిచాడా అని ఎన్నోసార్లు ఆలోచించాను. లేదు. ఎత్తిపొడుపైతే నాకు ఇంత కాలం పట్టేది కాదు మర్చిపోవడానికి.

బజారు అతన్ని క్షమించలేదు. గుమస్తాలు అతని అరుగు మీద కూర్చోవడం మానేశారు. "ఉగాది సుబ్బారాయుడు" అని పేరు పెట్టారు. బళ్ళో అతని ఆడపిల్లల్ని కూడా అలాగే పిలిచారని మా అమ్మాయే చెప్పింది. ఆ వానాకాలంలో కొట్టు ఖాళీ చేసి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయాడు. సామాను బండికెక్కిస్తుంటే నేను లోపల తానులు సర్దుతూ కూర్చున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

నాలుగేళ్ళు గడిచాయి. మళ్ళీ ఉగాది. నేను సంపాదించిన సెలవు రోజునే ఇంట్లో పని ఉందని అబద్ధం కల్పించి రైలెక్కాను. గూడెంలో అతని కొట్టు వెతకడం కష్టం కాలేదు. వీధిలో చాలా తలుపులు మూసి ఉన్నాయి. అతనిది తెరిచి ఉంది. గుమ్మానికి తోరణం. లోపల నలుగురూ ఉన్నారు. భార్య తానులు దులుపుతోంది. పెద్దపిల్ల గజం బద్ద పట్టుకుని కొలుస్తోంది, చిన్నపిల్ల ఏదో అంటే అందరూ నవ్వుతున్నారు. బల్ల మీద పచ్చడి గిన్నె. మాకు కొట్టే ఇల్లండీ అని అతను అన్నది అప్పుడు కళ్ళారా చూశాను. మేం గొల్లుమని నవ్విన మాట అదే.

అతను నన్ను గుర్తుపట్టాడు. భార్యా గుర్తుపట్టింది, లోపలికి వెళ్ళిపోయింది. "రండి, కూర్చోండి" అన్నాడు. చిన్న దొప్పలో పచ్చడి పెట్టాడు. తిన్నాను. చెబుదామనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. పిల్లలిద్దరూ నా కేసే చూస్తున్నారు. వాళ్ళ ఎదురుగానే చెప్పాలి కదా, మాట పడింది వాళ్ళే కదా? నా నోటి నుంచి వచ్చింది మాత్రం, "రవికె గుడ్డ ఒకటి ఇవ్వండి" అని.

ఎడంచేత్తో కత్తెర తీసుకున్నాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి, కరకరమని, నెమ్మదిగా. ఎంతసేపు పట్టిందో. నేను లాగితే రెప్పపాటు. అతను తలెత్తకుండా కత్తిరిస్తూనే ఉన్నాడు. పొట్లం చేతికిస్తూ, "బోణీ మీదేనండీ" అన్నాడు. నేను రైలెక్కేశాను. ఆ గుడ్డ మా ఆవిడ కుట్టించుకుంది, అంచు వంకరగా ఉందేమిటండీ అని సణుక్కుంటూ.

తర్వాత వెళ్ళలేదు. అతనున్నాడో లేడో తెలియదు. ఉన్నా ఇప్పుడు ఏమని అడుగుతాను, క్షమించమనా? ఆ మాట నేను ఒకసారి వాడి పాడు చేశాను.

ఆ సెలవు నిలబడింది. నేనున్నంత కాలం మా వీధిలో ఉగాదికి తలుపు తెరుచుకోలేదు. కుర్ర గుమస్తాలు పెళ్ళాం పిల్లలతో కొత్త బట్టలు కట్టుకుని నాకు దణ్ణం పెట్టడానికి వచ్చేవారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని దీవించేవాణ్ణి. ఆ సెలవు గురించి ఇవాళ్టికీ నాకు పశ్చాత్తాపం లేదు. మళ్ళీ పుట్టినా దానికోసం పోట్లాడతాను. ఈ గర్వాన్నీ ఆ తప్పునీ విడదీద్దామని ఎంతో ప్రయత్నించాను. ఒకే తానులోవి. నా చేతికి కూడా సరిగ్గా చిరగలేదు.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆ ఉగాది పొద్దున వెనక తలుపు తీసింది నేను. తాను దించింది నేను. చింపింది నేను. సుబ్బారాయుడు ఒక్క గజం కూడా అమ్మలేదు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. అతన్ని అందరి ఎదుటా క్షమించింది కూడా నేనే.

ఇంతే. చెయ్యి ముసలిదైంది. కానీ రాసింది చదువుకుంటే, అక్షరాలు గీత దాటలేదు.