ఉప్పు రాసిన తునికి కొమ్మ

మా కాలేజీలో ఎండు కొమ్మల్ని అట్టలకు అంటించి దాచే హెర్బేరియం ఉంది. దాన్ని చూసుకునేది నేనే. ఇవాళ తునికి కొమ్మ ఉన్న అట్ట తీశాను. చెట్టు పేరు, కోసిన ఊరు రాసిన చీటీ చక్కగా ఉంది. ఆకుల్నే పురుగు పొడి చేసింది. ఈ నెలలో ఇది నాలుగోది! ఒళ్లు మండింది.

ఎనిమిదో తరగతిలో బడి ప్రాజెక్టు కోసం చీపురుపల్లి కొండ మీది తునికి కొమ్మను పేపర్ల మధ్య పెట్టి, కళింగపట్నంలో అమ్మమ్మ ఇంట్లో ఎండబెట్టాను. ఎండుచేపలమ్మే అమ్మమ్మ దాన్ని తీసి, ఉప్పు రాసి, నెత్తళ్ల పక్కన ఆరేసింది.

"నా కొమ్మ పాడుసేసినావు!" అని ఏడ్చాను.

"ఒసే, ఉప్పెయ్యకపోతే పురుగట్టదేటే?" అంది.

కోపంతో దాన్ని సముద్రంలో పారేశాను.

ఇప్పుడు రికార్డులో 'పురుగు తినేసింది' అని రాసి సంతకం పెట్టాను. అమ్మమ్మ ఉంటే ఒకటే అడిగేది: "ఉప్పేసినారేటే?"